వియ్యపురాళ్ళ ముడి

కాదు వదినగారూ, మీరే చెప్పండి. పుల్లలు ఏరుకొద్దామని పిల్లల్ని తీసుకెళ్ళి, తిరిగొచ్చేటప్పుడు ఒకళ్ళని తక్కువ తెస్తే తప్పు. ఒప్పుకుంటాను. ఎక్కువ తెస్తే తప్పేంటండీ?

నవ్వకండి. మీ కోడలికి ఇది నవ్వులాట కాదు. నా కడుపున పుట్టి, నా దగ్గరే ముడులు వేయడం నేర్చుకుని, ఇవాళ ఈ స్కౌటు దళానికి కెప్టెనై కూర్చుందా, ఆవిడగారి తీర్పు ఇదీ: "అమ్మా, ఈసారి పెద్ద క్యాంపుకి నువ్వు రావద్దు. ఇంట్లోనే ఉండు."

అసలు జరిగిందేంటి? పోయిన నెల ఒకపూట కొండ దాకా నడక పెట్టుకున్నాం. పెద్ద క్యాంపుకి ముందు పిల్లల కాళ్ళు సాగాలి కదా. పక్క ఊరి దళం కూడా అక్కడికే వచ్చింది. నేను పుల్లలకని మా పిల్లల్ని కొండ వెనక్కి తీసుకెళ్ళా, తీసుకొచ్చా. లెక్కపెడితే ఒక పిల్ల ఎక్కువుంది! వాళ్ళకీ మెళ్ళో స్కార్ఫే, మావాళ్ళకీ మెళ్ళో స్కార్ఫే, అందరి మొహాలకీ మట్టే. ఎవరు గుర్తుపడతారు?

ఆ పిల్ల నోరు విప్పితేగా! మా సూపు రెండు మగ్గులు తాగేసి, మూడోదానికి చెయ్యి చాపినప్పుడు బయటపడింది. అవతల వాళ్ళ మాస్టారికి ఈల ఊది ఊది బుగ్గలు వాచిపోయాయట. ఆయన నన్ను చూసిన చూపు మీరు చూడాలి. నేనేదో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా నాయకురాలినైనట్టు.

"మా సూపు కంటే మీ సూపే బాగుంది" అంది ఆ పిల్ల పోతూ పోతూ. ఆ ముక్క మాత్రం మీ కోడలు ఎవరితోనూ చెప్పదు.

అదుగో, మళ్ళీ కదిలారు. ఆ బ్యాగు మీద కూర్చోవడమెందుకండీ, స్టూలుంది కదా? వద్దా? సరే, మీ ఇష్టం. ఈ సామాన్ల గదిలో మెత్తనిది ఒక్కటీ దొరకదు లెండి. అన్నీ తాళ్ళూ, తార్పాలిన్లూ, సొట్టలు పడ్డ గిన్నెలూ.

అయినా ఆ బ్యాగుని పొద్దున్నే మళ్ళీ ఇక్కడికెందుకు మోయించారో నాకర్థం కాలేదు. నిన్న బస్సు దిగి తిన్నగా బడికే వచ్చారు, బ్యాగు ఈ గదిలో పెట్టారు, బాగానే ఉంది. సాయంత్రం మనతోపాటు ఇంటికొచ్చింది. వచ్చిన బ్యాగు ఇంట్లో ఉండాలా, వద్దా? అల్లుడుగారు పాపం నడుం పట్టుకుని మూలుగుతున్నారు. "మా అమ్మ బట్టలు తెచ్చిందా, గోడ కూల్చి తెచ్చిందా" అంటూ.

ఇంక ఆ బూట్లు. కొత్తవనుకుంటా. ఇంట్లో కూర్చుని కబుర్లు చెప్పుకోవడానికి అంతంత బూట్లా? పోన్లెండి, మోకాళ్ళకి మంచిదని డాక్టరు చెప్పుంటాడు. నేనడగను. ఇవాళ నేను మీతో మహా మర్యాదగా ఉంటున్నాను, గమనించారా? దానికో కారణం ఉంది. తర్వాత చెప్తా.

"అమ్మా, అత్తయ్యగారు వస్తున్నారు, ఈ రెండు రోజులూ మీరిద్దరూ సరదాగా గడపండి" అంది మా అమ్మాయి. నాకు తెలీదేంటండీ? స్టవ్ ఆర్పానో లేదో చూడ్డానికి మనిషి కావాలి. మందులు వేసుకున్నానో లేదో చూడ్డానికి మనిషి కావాలి. మిమ్మల్ని నాకు కాపలా పెట్టింది. మీ తప్పేం లేదు. మీరు బెల్లం కొట్టిన రాయిలా కూర్చుని వింటున్నారు, అంతవరకు సంతోషం. మాట్లాడే కాపలా అయితే నేను భరించలేకపోదును.

ఎవర్రా అది? గుండుసూదా? తలుపు చాటున దూరితే కనపడవనుకున్నావా? కనపడవు, నిజమే, ఆ ఒంటికి. ఏంటీ? లేవురా ఇక్కడ. నీ కళ్ళెదురుగానే కదా ఇందాక తార్పాలిన్లన్నీ దులిపాం! వెళ్ళి మీ కెప్టెన్‌తో చెప్పు, సామాన్లమ్మమ్మ దగ్గర లేవంది అని. పరిగెత్తు. బూటు తాడు కట్టుకుని పరిగెత్తు!

ఏం వెతుకుతున్నారంటారా? గూటాలండీ. డేరా నిలబెట్టాక తాళ్ళు బిగలాగి భూమిలో దిగ్గొడతారు చూడండి, ఇనప మేకులు, జానెడేసి. అవి ఉంటేనే అది డేరా. లేకపోతే ఆరేసిన దుప్పటి. ఒక్క గాలి వచ్చిందంటే పిల్లల్తో సహా లేచిపోతుంది. అన్ని డేరాల గూటాలూ కలిపి ఒక కాన్వాసు మూటలో ఉంటాయి. ఆ మూట నిన్న సాయంత్రం దాకా ఈ కొక్కేనికే వేలాడుతోంది. పొద్దున్న చూస్తే కొక్కెం ఉంది, మూట లేదు.

ఇంకేముంది, మీ కోడలు కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. బస్సు వచ్చి గేటు దగ్గర నిలబడింది. డ్రైవరు విసుక్కుంటున్నాడు. చుట్టుపక్కల ఊళ్ళ దళాలన్నీ వస్తున్నాయట, మైదానం నిండా డేరాలేనట, తనిఖీకి స్కౌటు కమిషనరుగారు స్వయంగా వస్తున్నారట. మనవాళ్ళు అక్కడ దిగి గూటాల్లేకుండా నిలబడితే తలకొట్టేసినట్టుండదూ? పోనీ ఆ పక్క ఊరి మాస్టారిని నాలుగు గూటాలు అప్పడుగుదామా అంటే, ఆయన ఇస్తాడా నాకు? నా గుండెల్లో దిగ్గొడతాడు.

బడి తోటమాలి చెక్కముక్కలు చెక్కి ఇస్తానన్నాడట. అన్ని ఎప్పటికి చెక్కుతాడు? "ఇంకాసేపట్లో దొరక్కపోతే బస్సుని పంపించేస్తాను" అందట మీ కోడలు. ఆ మాట విని మన మనవరాలు తూనీగ మెట్ల మీద కూలబడి ఏడుస్తోంది. కిటికీలోంచి చూశారా? అదుగో, స్కార్ఫు ఇంకా జేబులోనే ఉంది దానికి. మెళ్ళో వేసుకోకూడదు కదా ఇప్పుడే.

మీకు తెలీదు కదూ. మా దళంలో ఒక పద్ధతుంది. మొదటి క్యాంపుకి వెళ్ళే పిల్లలు స్కార్ఫు జేబులో పెట్టుకునే వెళ్ళాలి. మొదటిరోజు చీకటిపడ్డాక నెగడు చుట్టూ కూర్చుంటాం. అప్పుడు ఒక్కొక్కళ్ళనీ పిలిచి మెళ్ళో స్కార్ఫు కడతాం. కట్టడమంటే ఊరికే కట్టడం కాదు, కొసన చిన్న ముడి వెయ్యాలి. రోజూ ఒక మంచిపని చెయ్యాలని గుర్తుకి ఆ ముడి. ఈ దళం పెట్టినప్పటి నుంచీ ఆ స్కార్ఫు కట్టేది నేనే. మీ కోడలికి కట్టిందీ నేనే. అప్పుడెంత వంకరగా నిలబడిందో! ఇప్పుడు చూడండి, నిలువుగా నిలబడి నన్ను రావద్దంటుంది.

నన్ను ముడులు కనిపెట్టినదాన్ననుకుంటారు ఈ పిల్లలు. నాకెవరు నేర్పారు? అట్టలు ఊడిన పుస్తకం ఒకటి దొరికింది, బొమ్మలు చూసి మంచం కోడుకి తాడు కట్టుకుని నేర్చుకున్నా. అప్పుడు నేర్చుకున్న ముడులు ఒక్కటీ మరిచిపోలేదండీ. చేతులకి గుర్తుంటాయి. తలకే ఏదీ నిలవట్లేదు.

అందుకే చూడండి, ఈ తాడు. ఈల కట్టుకునే మెడతాడే ఇది. గుర్తుంచుకోవాల్సిందల్లా దీనికి ముడేసుకుంటాను. ఇది రీఫ్ ముడి, అంటే స్టవ్ ఆర్పాలి. ఇది బోలైన్, మందు వేసుకోవాలి. పనయ్యాక ముడి విప్పేస్తాను. ఎవరికీ తెలీదు. మెళ్ళో అందంగా ఉందంటారు కూడా. మీ కోడలైతే "అమ్మా, ఏంటా చిక్కులతాడు" అంటుంది. చిక్కులే మరి, ఎవరి చిక్కులు వాళ్ళవి.

వదినగారూ, ఆ తలుపు కాస్త చేరవెయ్యండి. కూర్చునే కాలితో తొయ్యండి, చాలు. ఆ బూట్లు దేనికి మరి!

మీకో మాట చెప్తాను. మీ కోడలికి చెప్పనని ముందు తల ఊపండి. ఊపారా? మళ్ళీ ఊపండి, సరిగ్గా.

ఆ గూటాలు పోలేదు. నేనే దాచాను.

అంత కళ్ళు పెద్దవి చెయ్యకండి, భయమేస్తుంది. ఏం చెయ్యమంటారు? నెల రోజుల్నుంచీ బతిమాలా. వినలేదు. అలిగా. చూడనట్టు ఊరుకుంది. నిన్న మీరు వచ్చారు, కాపలా కూడా కుదిరింది. ఇంక నాకు మిగిలిందేంటి? అందరూ హాల్లో మీ చుట్టూ చేరినప్పుడు మూట తీసి దాచేశా. పొద్దున్న ఆవిడే వస్తుంది కదా, "అమ్మా, గూటాలెక్కడ పెట్టావు" అని? అప్పుడు కాలు మీద కాలేసుకుని, "నేనొస్తే నాతోపాటు వస్తాయమ్మా కెప్టెనూ" అందామని. రాత్రంతా ఆ మాట ఎలా అనాలో నెమరేసుకుంటూ పడుకున్నా. ఎంత బాగా నిద్రపట్టిందో!

వచ్చింది. పొద్దున్నే వచ్చింది. నేననుకున్న మాటే అడిగింది, అక్షరం పొల్లుపోకుండా. "అమ్మా, గూటాలెక్కడ పెట్టావు?"

నేను నోరు తెరిచా వదినగారూ. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

ఎక్కడ పెట్టానో తెలియలేదు.

కాదండీ, ఆటలాడట్లేదు. దాచానని తెలుసు. మూట బరువు ఇదుగో, ఈ భుజానికి ఇంకా తెలుస్తోంది. దాస్తూ నవ్వుకున్నానని కూడా తెలుసు. ఎక్కడ? అక్కడికి వచ్చేసరికి ఏమీ లేదు. తుడిచేసిన నల్లబల్ల.

అప్పుడు నేనేమన్నానో తెలుసా? "నన్నడుగుతావేంటే, నాకు మతిమరుపు కదా!" అన్నా. ఎంత ధీమాగా అన్నానో! దెప్పుతున్నానని మొహం ముడుచుకుని వెళ్ళిపోయింది.

వాళ్ళు వెతుకుతున్నారు, వాళ్ళతోపాటు నేనూ వెతుకుతున్నా. హాల్లో పియానో మూత ఎత్తి చూశా. బంగాళదుంపల బస్తాలో మోచేతి దాకా పెట్టి చూశా. బడి వంటగది పొయ్యిలో తలపెట్టి చూస్తుంటే వంటావిడ "ఏం పోయిందమ్మా" అంది. ఏం పోయిందని చెప్పను ఆవిడకి?

ఆ పిల్ల ఏడుస్తుంటే కిటికీలోంచి చూడలేకపోతున్నా. క్యాంపు ఆగిపోవాలని నేననుకోలేదు. నేనూ వెళ్ళాలనుకున్నా, అంతే. తూనీగకి ఇదే మొదటి క్యాంపు. మళ్ళీ ఏడాది వెళ్ళొచ్చు కదా అమ్మా అంటుంది మీ కోడలు. మళ్ళీ ఏడాదికి నేనుంటానండీ, గుండె గట్టిదే అన్నారు డాక్టరుగారు. ఉంటాను. నెగడు దగ్గర నిలబెట్టి స్కార్ఫు చేతికిస్తే, ఎదురుగా ఉన్న పిల్ల ఎవరో నాకు తెలుస్తుందా అన్నదే నా బెంగ.

ఇప్పుడు వేరే ఊరి పిల్లని నా పిల్ల అనుకుని తెచ్చా. రేపు నా పిల్లని వేరే ఊరి పిల్ల అనుకుంటే?

అబ్బే, నేనేం ఏడవట్లేదు. తార్పాలిన్ల దుమ్ము.

ముడి వెయ్యలేదా అంటారా? ఎందుకు వెయ్యలేదు! వేశా. అదేగా నా ఖర్మ. ఇదుగో, ఈ ముడి. తాడుకి సన్న దారం కలిపి వేసి ఉంది, చూశారా. నిన్న సాయంత్రం వేసిందే. దీని పేరు... మీరు కోపం తెచ్చుకోకూడదు మరి. పుస్తకంలో ఏదో పేరుందిలెండి, పిల్లలకి నోరు తిరగట్లేదని నేనే ఒక పేరు పెట్టా. వియ్యపురాళ్ళ ముడి.

వినండి ముందు! లావుతాడునీ సన్నతాడునీ కలిపే ముడండీ ఇది. లావుతాడు ఊరికే ఒక వంపు తిరిగి దర్జాగా కూర్చుంటుంది. సన్నదే దాని చుట్టూ తిరిగి, వెనకనుంచి వచ్చి, తన కిందనుంచే తాను దూరి నానా అవస్థలూ పడుతుంది. మీరెవరో నేనెవరో నేను చెప్పలేదు. పిల్లలే అన్నారు. అయితే ఒకటి, ఎంత లాగినా రెండూ ఒకదాన్నొకటి వదలవు.

పొద్దున్న లేచి మెడ తడుముకుంటే ఈ ముడి తగిలింది. వదినగారి గురించి ఏదో గుర్తుపెట్టుకోవాలి. ఏంటది? ఆలోచించగా ఆలోచించగా తేలిందేంటంటే, వదినగారితో గొడవ పెట్టుకోకూడదు, అదే అయుంటుంది అని. అందుకండీ ఇందాకటి నుంచీ ఈ మర్యాద! లేకపోతే ఆ బూట్లని నేను ఊరికే వదిలిపెడతానా? ఆ బ్యాగు సంగతి అడిగి ఊరుకుంటానా? మనిషన్నాక రెండు రోజులకి అంత బ్యాగేంటి, అల్లుడుగారి నడుం విరిగేలా...

ఉండండి.

ఉండండుండండి. నిన్న మీరు హాల్లో ఉన్నారు. చేతిలో టీ కప్పు. తూనీగ మీ మెడ పట్టుకుని వేలాడుతోంది. మీ బ్యాగు ఇక్కడుంది. ఈ మూల. జిప్పు దగ్గర... జిప్పు దగ్గర ఎర్ర రిబ్బను. ఎవరు తెరుస్తారు పరాయి ఊరినుంచి వచ్చిన వియ్యపురాలి బ్యాగు? ఎవరికి ధైర్యం? అనుకుని నవ్వుకున్నా. అవును, ఇక్కడే నిలబడి నవ్వుకున్నా!

వదినగారూ, ఒక్కసారి లేవండి.

లేవరేం?

ఆ నవ్వేంటి?

మీకు... రాత్రి బట్టల కోసం బ్యాగు తెరిచి ఉంటారు కదా? చెయ్యి పెట్టారు. చల్లగా ఇనుము తగిలింది. తగిలిందా! మరి ఎవరివో తెలియక ఊరుకున్నారా? తెలుసా? తెలిసే ఊరుకున్నారా!

అయ్యయ్యో వదినగారూ, పొద్దున్నుంచీ ఊరంతా వెతుకుతుంటే ఉలుకూ పలుకూ లేకుండా దాని మీదే పెట్టకోడిలా కూర్చున్నారా? పియానో మూత ఎత్తినప్పుడు నా పక్కనే ఉన్నారే! "జాగ్రత్త, వేళ్ళు నలుగుతాయి" అన్నారే!

ఏమన్నారూ? "కాపలా ఉండమని పిలిచారుగానీ, క్యాంపుకి వస్తారా అని నన్నొక్కళ్ళూ అడగలేదు." అదా! "మీకొక్కరికేనా అది మనవరాలు?" అదా సంగతి! అందుకా ఈ బూట్లు? వచ్చేముందే కొనుక్కున్నారా? బ్యాగులో దుప్పటి కూడా పెట్టుకున్నారా? టార్చి కూడానా?

నేనిన్నాళ్ళూ మిమ్మల్ని ఎంత అమాయకురాలనుకున్నానో. ఆ పక్క ఊరి పిల్ల నయం మీకంటే.

ష్. మెట్లు దిగుతోంది. ఆ అడుగులు మీ కోడలివే, ఆ విసురు నాకు తెలుసు.

వినండి, గబగబా ఒక మాట. మూట దాచింది నా అల్లరే. కావాలంటే ఆ సంగతి చెప్పెయ్యండి, తిట్లు తింటా, నాకలవాటే. కానీ మరిచిపోయింది మాత్రం అల్లరి కాదు. అది చెప్పకండి. దాచి ఆటపట్టించానని అనుకోనివ్వండి. మొండిదాన్నని అనుకోనివ్వండి. మొండిదాన్ని ఎవరైనా క్యాంపుకి తీసుకెళతారు.

నెగడు దగ్గర మాత్రం మీరు నా పక్కనే కూర్చోండి. తూనీగని పిలిచేముందు ఒకసారి మోచేత్తో పొడవండి. గట్టిగా అక్కర్లేదు. ఈ ముడి నేను విప్పట్లేదు, దీనికి అదీ కలుపుకుంటున్నా.

లేవకండి! అలాగే కూర్చోండి. బరువంతా పెట్టి కూర్చోండి.

ఆ, రా అమ్మా కెప్టెనూ, రా. గూటాలా? దొరుకుతాయి, కంగారుపడకు. ముందు ఒక్క సంగతి చెప్పు, బస్సులో సీట్లు ఎన్ని మిగిలాయి? నా ఒక్కదానికే కాదే, మీ అత్తగారిక్కూడా.

అలా చూస్తావేంటి? ఒకళ్ళు ఎక్కువొస్తే తప్పేంటమ్మా?